లేని డబ్బుతో జాంబీ సినిమా తీయడం ఎలా

జాంబీ సినిమా తీస్తామని బయల్దేరే కుర్రాళ్లు ముందు అడిగేది మేకప్ ఎవరు చేస్తారని, ఆ తర్వాత ఏ కెమెరా తీసుకోవాలని. రెండూ తర్వాత చూసుకోవచ్చు. ముందు కూర్చుని తేల్చుకోవాల్సింది మీ దగ్గర ఏం లేదో. డబ్బు లేదు సరే, అది ఎవరి దగ్గరా ఉండదు. జనం లేరా? రాత్రిపూట తీయడానికి లైట్లు లేవా? రోడ్డు మూయించేంత పలుకుబడి లేదా? నటించడం వచ్చినవాళ్లు ఇద్దరే ఉన్నారా? ఇవన్నీ ఒక కాగితం మీద రాసి, దాన్ని ముందు పెట్టుకుని కథ రాయండి. చిల్లర డబ్బుతో తీసి పేరు తెచ్చుకున్న జాంబీ సినిమాలు చూస్తే, తమ దగ్గర లేనిదాన్ని కప్పిపుచ్చుకోలేదు, దాన్నే కథలోకి లాక్కున్నాయి. పెద్ద సినిమాలా కనిపించాలని తాపత్రయపడ్డవే దొరికిపోతాయి.

ఈ జానర్‌కి మూలపురుషుడు జార్జ్ రొమెరో చేసింది ఇదే. పిట్స్‌బర్గ్‌లో యాడ్ ఫిల్ములు తీసుకుంటూ బతుకుతున్న అతనూ, స్నేహితులూ కలిసి పది మంది తలా 600 డాలర్లు వేసుకుని 'ఇమేజ్ టెన్' అని ఒక కంపెనీ పెట్టారు. ఆ ఆరు వేలు ఏ మూలకీ చాలవని తెలిశాక ఇంకొంతమందిని కలుపుకుంటూ పోతే చివరికి ఖర్చు సుమారు లక్షా 14 వేల డాలర్లకి చేరింది. 1968లో విడుదలైన 'నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్' అలా వచ్చిందే. కలర్ ఫిల్ముకి స్తోమత లేదు, అందుకని బ్లాక్ అండ్ వైట్. సెట్ వేసే పరిస్థితి లేదు, అందుకని ఇవాన్స్ సిటీ దగ్గర కూల్చేయడానికి సిద్ధంగా ఉన్న ఒక పాత ఫామ్‌హౌస్ పట్టుకుని కథ మొత్తం ఆ ఇంటి చుట్టూ తిప్పారు. ఎలాగూ కూల్చేసే ఇల్లు కదా, తలుపులకి చెక్కలు పెట్టి మేకులు కొట్టినా, కిటికీలు బద్దలు కొట్టినా, అయ్యో అనేవాడు లేడు. ఆ ఇంటి సెల్లార్ షూటింగుకి పనికిరాకపోతే సెల్లార్ సీన్లు తమ ఆఫీసు బిల్డింగు కింద తీసేశారు, తెర మీద చూస్తే ఎవరూ పట్టుకోలేరు. చూసినవాళ్లకి ఆ నలుపు తెలుపు బొమ్మ అప్పట్లో టీవీలో వచ్చే వార్తల్లా నిజంగా జరుగుతున్నట్టు అనిపించింది. కలర్‌కి డబ్బుంటే ఆ భయం వచ్చేది కాదేమో.

రెండో ఉదాహరణ జపాన్‌ది, 'వన్ కట్ ఆఫ్ ద డెడ్'. ఆ సినిమా చూడనివాళ్లు ఈ పేరా దాటేసి వెళ్లిపోండి, ముందే తెలిస్తే సగం మజా పోతుంది. 2017లో షినిచిరో ఉయెదా అనే దర్శకుడు, ఒక యాక్టింగ్ స్కూల్ వర్క్‌షాపులో చేరిన పేరులేని నటులతో, 30 లక్షల యెన్లతో, ఎనిమిది రోజుల్లో దీన్ని తీశాడు. మొదటి 37 నిమిషాలు ఒకే షాట్, మూతబడ్డ ఒక నీటి శుద్ధి కేంద్రంలో. చూస్తుంటే నటన అతకదు, మధ్యలో మాటలు ఆగిపోతాయి, కెమెరా కింద పడిపోతుంది, ఇదేం చెత్తరా బాబూ అని లేచిపోవాలనిపిస్తుంది. ఆ తర్వాత కథ వెనక్కి వెళ్లి, ఆ షాట్ తీస్తున్నప్పుడు కెమెరా వెనకాల ఏం జరిగిందో చూపిస్తుంది. ముందు తప్పులనుకున్నవన్నీ అక్కడ నవ్వులుగా మారిపోతాయి. యూనిట్ చేతకానితనాన్నే కథ చేసుకున్నాడన్నమాట. ఆ మొదటి షాట్లో లెన్స్ మీద రక్తం చిందడం ప్లాన్ ప్రకారం జరిగింది కాదు, పొరపాటున పడింది, అయినా షాట్ ఆపలేదు.

ఇంకా కిందికి దిగాలంటే బ్రిటన్‌లో మార్క్ ప్రైస్ తీసిన 'కోలిన్' ఉంది. ఖర్చు 45 పౌండ్లని అతనే చెప్పుకున్నాడు: ఒక గునపం లాంటి ఇనుప కడ్డీ, కొన్ని టేపులు, యూనిట్‌కి టీ కాఫీలు. పాత హ్యాండీక్యామ్, ఫేస్‌బుక్‌లోనూ మైస్పేస్‌లోనూ అడిగి పోగుచేసిన జనం. 2009లో ఫ్రాన్స్‌లోని కాన్ ఫెస్టివల్ సమయంలో అక్కడ చూపించాడు. అయితే ఆ 45 పౌండ్లు చూసి మోసపోకండి. అందులో ఎవరి జీతమూ లేదు, దాదాపు ఏడాదిన్నర పాటు ఊరికే వచ్చి పనిచేసినవాళ్ల సమయం లేదు. మీకు అలాంటి స్నేహితులుంటే అది డబ్బు కిందే లెక్క, లేకపోతే మీ బడ్జెట్ వేరు. నాకు ఆ సినిమాలో నచ్చింది ఖర్చు కాదు, కథ మొత్తం జాంబీ వైపు నుంచి చెప్పడం. హీరోకి డైలాగులే అక్కర్లేదు, డబ్బింగ్ గొడవే లేదు.

కథ, చోటు

జాంబీలు ఎలా పుట్టారో చూపించే ల్యాబ్ సీను రాయకండి. తెల్ల కోట్లు, టెస్ట్‌ట్యూబులు, పెద్ద స్క్రీన్లు పెట్టినచోటే చవకతనం బయటపడుతుంది. వైరస్ కబురు వినిపిస్తే చాలు. రేడియో పాతబడింది కాబట్టి మన దగ్గర అది వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా రావచ్చు: "మా బావమరిది గాంధీ హాస్పిటల్లో పనిచేస్తాడు, ఎవరూ బయటికి రావొద్దంట" అని ఎవరో తెలియని ఆవిడ గొంతు. కరోనా టైంలో ఇలాంటివి ఎన్ని విన్నామో అందరికీ గుర్తే. ఒక ఫోను, ఒక గొంతు, ఊరు మొత్తం అల్లకల్లోలం అయిపోయిందని చూసేవాడు నమ్మేస్తాడు. జాంబీ అంటే ఏంటో కూడా వివరించక్కర్లేదు. 2021లో ప్రశాంత్ వర్మ 'జాంబీ రెడ్డి' కర్నూలు ఫ్యాక్షన్ నేపథ్యంలోకి ఆ పీడని దించాక మన ఇళ్లలో పెద్దవాళ్లకి కూడా ఆ మాట తెలిసిపోయింది. టైటిల్ మీద కొందరు అభ్యంతరం చెబితే అప్పట్లో దర్శకుడు వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది, మీరు పేరు పెట్టేటప్పుడు అది గుర్తుంచుకోండి.

మనుషులు నలుగురైదుగురు చాలు. వాళ్ల మధ్య ముందునుంచే ఒక తగాదా ఉండాలి, జాంబీలు రాకముందు నుంచీ. పొలం గట్టు తగాదా అయినా, పెళ్లిలో పెట్టుపోతల దగ్గర మాటపట్టింపు అయినా సరే. బయట శవాలు తలుపు బాదుతుంటే లోపల బావా బావమరుదులు పాత లెక్కలు తీస్తుంటే ఆ సీను మీరు ఏ కెమెరాతో తీసినా నడుస్తుంది. అదే లేకపోతే ఎంత రక్తం పోసినా పది నిమిషాల తర్వాత విసుగొస్తుంది.

చోటు విషయంలో మనకి కొదవలేదు. మూతబడ్డ రైస్ మిల్లు, ఖాళీ కోళ్ల ఫారం షెడ్డు, మామిడి తోటలో కాపలా గది. సగంలో ఆగిపోయిన అపార్ట్‌మెంట్లు చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటాయి కానీ పిట్టగోడలు ఉండవు, రక్తం పూసుకుని కళ్లు సగం మూసుకుని నడిచే జనాన్ని మూడో అంతస్తులో పెట్టకండి. చోటు ఖాయం చేసేముందు అక్కడ ఒక రాత్రంతా కూర్చుని వినండి. పక్కన బోరు మోటారు ఎన్నింటికి వేస్తారో, గుడి మైకు ఎప్పుడు మొదలవుతుందో, హైవే లారీల మోత ఎంత వినపడుతుందో తెలుసుకోవాలి. బాత్రూం ఉందా, ఆడవాళ్లు బట్టలు మార్చుకోవడానికి గది ఉందా అన్నది మొదటి రోజే చూసుకోవాలి, లేకపోతే రెండో రోజు ఎవరూ రారు. కథలో కోడి, కుక్క, మేక వద్దు. థియేటర్ విడుదలకి వెళ్లాలంటే జంతువులు కనిపించిన సినిమాకి యానిమల్ వెల్ఫేర్ బోర్డు అనుమతి కాగితాలు అడుగుతారు, ఆ తిరుగుడు మీ వల్ల కాదు.

పోలీస్ స్టేషన్లో ముందే లెటర్ ఇవ్వండి. తేదీలు, టైము, ఎంతమంది, రక్తం మేకప్ ఉంటుంది, బొమ్మ ఆయుధాలు ఉంటాయి అని విడమరిచి రాసి, స్టాంపు వేసిన కాపీ షూటింగ్‌లో ఇద్దరి దగ్గరైనా ఉండేలా చూసుకోండి. ఊళ్లో అయితే సర్పంచికి, చుట్టుపక్కల ఇళ్లవాళ్లకి కూడా చెప్పాలి. చెప్పకుండా తెల్లవారుజామున నెత్తురోడుతున్న ఇరవై మంది చేలోంచి నడిచొస్తే, పాలు పోయడానికి వెళ్లే మనిషి గుండె ఆగిపోతుంది, లేదా మీ జాంబీలకి కర్రలతో దెబ్బలు పడతాయి. వీధి కుక్కలు మాత్రం ఏ లెటరూ చదవవు. కాళ్లీడుస్తూ నడిచే మనిషిని చూస్తే అరవడం ఆపవు, కాబట్టి ఆ సీన్ల సౌండు ఎలాగూ తర్వాతే వేసుకోవాలి.

మేకప్, రక్తం

అందరికీ ఒకే స్థాయి మేకప్ వేయబోతే పొద్దున కూర్చున్నవాళ్లు మధ్యాహ్నానికి కానీ లేవరు. మూడు తరగతులు చేయండి. క్లోజప్‌లో కనిపించేవాళ్లు ఇద్దరు ముగ్గురు, వాళ్లకి గంటకి పైగా టైం ఇవ్వండి. మధ్యలో కనిపించేవాళ్లకి మొహం, చేతులు. వెనక వరసవాళ్లకి చిరిగిన బట్టలు, దుమ్ము, కళ్ల చుట్టూ కాటుక నలిపితే చాలు. వెనక వరసవాళ్లనే చొక్కాలు మార్చి, అటువైపు నుంచి ఇటువైపు నడిపించి, పది మందిని ముప్పై మందిగా చూపించవచ్చు, చెట్లు, గోడలు, పొగమంచు ఉంటే ఇంకా మంచిది.

ఎండి పగిలిన చర్మానికి ముల్తానీ మట్టిని మించింది లేదు. పల్చగా కలిపి రాసి, ఆరేదాకా మొహం కదపకుండా కూర్చోబెట్టి, ఆరాక ఒక్కసారి గట్టిగా నవ్వమనండి. బుగ్గల మీద, నోటి పక్కన చీలికలు వస్తాయి. ఆ చీలికల్లోకి సన్నటి బ్రష్‌తో ముదురు గోధుమ రంగు దింపితే క్లోజప్‌కి తట్టుకుంటుంది. కుళ్లి ఊడుతున్న చర్మం కావాలంటే టిష్యూ పేపర్ చింపి లిక్విడ్ లాటెక్స్‌తో (ఆరితే రబ్బరు పొరలా అయ్యే ద్రవం) పొరలు పొరలుగా అంటించి, మధ్యలో కొంచెం అటుకులు వేసి, ఆరాక వేలితో చింపాలి. అటుకులు తడిసి ఉబ్బి నిజంగానే అసహ్యంగా ఉంటాయి. లాటెక్స్ కొందరికి పడదు, ముందురోజు మోచేతి లోపల చుక్క రాసి చూడాలి. గడ్డం, కనుబొమ్మల మీద రాశారో, తీసేటప్పుడు వెంట్రుకలతో సహా వస్తుంది. పడనివాళ్లకి మైదా గంజితో టిష్యూ అంటించండి, అంత గట్టిగా నిలవదు కానీ ప్రమాదం లేదు. ఆన్‌లైన్లో చవగ్గా దొరికే తెల్ల కాంటాక్ట్ లెన్సులు ఎవరి కంట్లోనూ పెట్టకండి. ఒకరు వాడినవి ఇంకొకరు అసలే పెట్టుకోకూడదు. రెప్పల అంచున ఎర్ర లిప్‌స్టిక్ రాస్తే జబ్బు కళ్లు వచ్చేస్తాయి.

రక్తం ఇంట్లోనే. కప్పు నీళ్లకి రెండు కప్పుల పంచదార వేసి కరగనిచ్చి, తీగపాకం రాకముందే దించేయాలి, పాకం ముదిరితే చల్లారాక గట్టిపడి పలుకులు కడుతుంది. ఎర్ర ఫుడ్ కలర్ ఒక్కటే వేస్తే రోజ్‌మిల్క్ సిరప్‌లా ఉంటుంది, అందులో చిటికెడు కోకో పొడి, ఒక్క చుక్క నీలం కలర్ వేస్తే నెత్తురు రంగు తేలుతుంది. చిక్కదనం చాలకపోతే కొంచెం కార్న్‌ఫ్లోర్ గంజి. నోట్లోకి పోయేది కాబట్టి ఇందులో తినకూడనిది ఏదీ కలపొద్దు. మరకలు సులువుగా పోవాలని బట్టల మీద పోసే రక్తంలో మాత్రం కాస్త డిష్‌వాష్ లిక్విడ్ కలుపుకోవచ్చు, ఆ సీసాకి పెద్ద అక్షరాలతో లేబుల్ అంటించండి. మీరు తీయబోయే లైటులో, మీరు వాడబోయే కెమెరాలోనే చూసి రంగు ఖాయం చేయాలి. రొమెరో వాళ్లకి ఈ బాధ లేదు, బ్లాక్ అండ్ వైట్ కాబట్టి బాస్కో అనే చాక్లెట్ సిరప్ పోసేశారు, మాంసం వ్యాపారం ఉన్న ఒక భాగస్వామి పేగులు, మాంసం తెచ్చిచ్చాడు. పంచదార రక్తంతో మనకి వచ్చే తంటా చీమలు. చెట్టు కింద పడుకున్న శవం పాత్రధారి రెండో టేక్‌కి దిగ్గున లేచి కూర్చుంటాడు. కింద పాత దుప్పటి వేసి, చుట్టూ చీమల మందు గీత గీసి అప్పుడు పడుకోబెట్టండి. గచ్చు మీద పడితే జారుతుంది, ప్రతి టేక్ తర్వాత తుడిచే మనిషి ఒకరు ఉండాలి.

హీరో చొక్కా ఒకేలాంటివి మూడైనా కొనండి. రక్తం పడ్డాక ముందు సీన్ తీయాల్సి వస్తే వేరే దారి ఉండదు.

నడక

మేకప్ కన్నా నడకే జాంబీ. ఏమీ చెప్పకుండా వదిలేస్తే అందరూ రెండు చేతులూ ముందుకి చాపి నాలుక వేలాడేస్తారు, అప్పుడు అది స్కూల్ యానివర్సరీ. ఒక్కొక్కరికి ఒక్కో దెబ్బ ఇవ్వండి: నీకు ఎడమ తుంటి విరిగింది, నీకు మెడ పక్కకి తిరిగింది, నీ చెయ్యి చచ్చుబడింది. బతికున్నప్పుడు ఏం పని చేసేవాడో కూడా చెప్పండి. చచ్చినా ఖాళీ టికెట్ మెషిన్ నొక్కుతూ నడిచే బస్ కండక్టర్ ఒక్కడుంటే, పక్కన పాతికమంది మామూలుగా నడిచినా ఆ సీన్ జనానికి గుర్తుండిపోతుంది.

తిండి దగ్గర పీనాసితనం చేయకండి, ఊరికే వచ్చి పనిచేసేవాళ్లకి మీరిచ్చే జీతం అదొక్కటే. చేతులకి రక్తం, లాటెక్స్ ఉన్నవాళ్లు చేత్తో అన్నం కలుపుకోలేరు, స్పూన్లు తెప్పించండి, నీళ్లు తాగడానికి స్ట్రాలు. వేడి సాంబారు ఆవిరికి ముల్తానీ మట్టి కరిగి జారిపోతుంది, మధ్యాహ్నం పులిహోర, పెరుగన్నం లాంటివి నయం.

కెమెరా గురించి ఎక్కువ చెప్పను. మంచి ఫోన్ అయినా సరిపోతుంది, వెలుతురు దానంతటదే మారిపోకుండా ఆటో ఎక్స్‌పోజర్ లాక్ చేసుకోండి, మన కరెంటుకి సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెడితే ట్యూబ్‌లైట్లు మినుకుమనవు. రాత్రి ఇంటి లోపలి సీన్లు పగలే కిటికీలకి నల్ల గుడ్డ కట్టి తీసేయండి. డబ్బు మిగిలితే సౌండుకి పెట్టండి. బొమ్మ కాస్త గుడ్డిగా ఉన్నా జనం సర్దుకుంటారు, మాట వినపడకపోతే ఆపేస్తారు. ఎముకలు విరిగే చప్పుడుకి మునక్కాడలు, క్యారెట్లు విరిచి రికార్డు చేయండి, మాంసం చీల్చే చప్పుడుకి తడి బట్ట పిండుతూ పుచ్చకాయలో చెయ్యి పెట్టి తిప్పండి. చూపించే స్తోమత లేనిదాన్ని తలుపు అవతల పెట్టి చప్పుడు వినిపించండి, అదే ఎక్కువ భయపెడుతుంది. 6,000 డాలర్లతో జెరెమీ గార్డ్‌నర్ తీసిన 'ద బ్యాటరీ'లో చివరి భాగం చాలాసేపు ఒక కారు లోపలే నడుస్తుంది, జాంబీల మోత మాత్రం కారు చుట్టూ ఆగకుండా వినపడుతూనే ఉంటుంది.

కాగితాలు

ఈ భాగం ఎవరూ చదవరు, కానీ రొమెరో బృందం ఎక్కువ నష్టపోయింది ఇక్కడే. సినిమాకి ముందు వేరే పేరు ఉండేది, 'నైట్ ఆఫ్ ద ఫ్లెష్ ఈటర్స్'. పంపిణీదారు వాల్టర్ రీడ్ సంస్థ పేరు మార్చినప్పుడు కొత్త టైటిల్ కార్డు మీద కాపీరైట్ గుర్తు వేయడం మర్చిపోయింది. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఆ గుర్తు లేకపోతే హక్కు లేనట్టే. కోట్లు తెచ్చిన సినిమాని ఎవరు పడితే వాళ్లు వేసుకున్నారు, అమ్ముకున్నారు. ఇప్పుడు మన దగ్గర గుర్తు లేకపోయినా, రిజిస్ట్రేషన్ చేయకపోయినా హక్కు ఉంటుంది, కానీ ఆ హక్కు ఎవరిది అన్నదే తగువు. కథ రాసినవాడు, సంగీతం చేసినవాడు, ఎడిటర్, డబ్బు పెట్టినవాడు, నటులు, అందరితో ఒక్కో పేజీ ఒప్పందం, షూటింగ్ మొదలవకముందే. అంత దగ్గరివాళ్లం మనకెందుకు అనుకునేచోటే గొడవలు వచ్చేది. ఛానెల్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర, హార్డ్ డిస్క్ ఎవరింట్లో అన్నది కూడా రాసుకోండి. ఏదైనా నాటకమో కథో చూసి ఐడియా వచ్చి ఉంటే ముందే అడిగి పేరు వేయండి. 'వన్ కట్' పెద్ద హిట్టయ్యాక, దానికి ప్రేరణగా నిలిచిన నాటకం వాళ్లతో క్రెడిట్ విషయంలో వివాదం వచ్చి, 2019లో రాజీతో ముగిసింది. సినిమా పాటలు బ్యాక్‌గ్రౌండ్‌లో వాడకండి, ఫోన్ రింగ్‌టోన్‌గా కూడా, యూట్యూబ్ పట్టేసుకుంటుంది.

జనం ముందుకి

మొదటిసారి చూపించేటప్పుడు స్నేహితుల్ని పిలవొద్దు, వాళ్లు "సూపర్ మామా" తప్ప ఏమీ అనరు. మీరెవరో తెలియని పదిమందికి వేసి, తెర వైపు కాకుండా వాళ్ల వైపు చూస్తూ కూర్చోండి. ఎక్కడ ఫోన్ తీశారో అక్కడ కత్తెర. భయపడాల్సిన చోట నవ్వితే కంగారు పడకండి, ఈ జానర్‌లో అది మామూలే, కానీ సినిమాని చూసి నవ్వుతున్నారా, సినిమాతో కలిసి నవ్వుతున్నారా అన్నది తేల్చుకోండి. రెండోదైతే ఆ నవ్వు ఇంకొంచెం పెంచండి.

థియేటర్‌కి సెన్సార్ సర్టిఫికెట్ తప్పదు. ఇప్పుడు యూఏలో కూడా 7 ప్లస్, 13 ప్లస్, 16 ప్లస్ అని మూడు రకాలు వచ్చాయి. పేగులు తీసి చూపిస్తే 'ఏ' వస్తుంది, 'ఏ' వస్తే టీవీలో అలాగే వేయలేరు. ఇది ఎడిటింగ్‌లో కాదు, కథ రాసేటప్పుడే ఆలోచించుకోవాలి. యూట్యూబ్‌కి సెన్సార్ అక్కర్లేదు కానీ థంబ్‌నెయిల్ నిండా నెత్తురు పెడితే వయసు పరిమితి పడుతుంది, యాడ్స్ ఆగిపోతాయి, అంత కష్టపడి తీసింది ఎవరికీ చేరదు.

తిట్లకి సిద్ధంగా ఉండండి. రొమెరో సినిమాని బ్లాక్ అండ్ వైట్ అని కొలంబియా స్టూడియో వద్దంది, ఏఐపీ (అమెరికన్ ఇంటర్నేషనల్ పిక్చర్స్) అనే ఇంకో సంస్థ సుఖాంతం పెట్టమంది, వీళ్లు పెట్టలేదు. 1968 అక్టోబర్ 1న పిట్స్‌బర్గ్‌లో మొదటి ఆట పడింది. అమెరికాలో వయసును బట్టి రేటింగ్ ఇచ్చే పద్ధతి ఆ తర్వాతి నెలలో కానీ అమల్లోకి రాలేదు, మధ్యాహ్నం ఆటలకి చిన్నపిల్లలు టికెట్ కొనుక్కుని వెళ్లి కూర్చున్నారు. అలాంటి ఒక ఆట చూసిన సినీ విమర్శకుడు రోజర్ ఎబర్ట్, హాల్లో పిల్లలు ఏడుస్తూ ఉండిపోయారని 1969 జనవరిలో రాశాడు. వెరైటీ పత్రిక సినిమాని ఉతికి ఆరేసింది. అదే సినిమాని 1999లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ జాతీయ సంపదగా భద్రపరిచే జాబితాలోకి తీసుకుంది. మీ సినిమాకి కూడా ఇలాగే అవుతుందని కాదు, చాలామటుకు అవదు. మొదటి వారం కామెంట్లు చదివి సినిమా తీసేయకండి అని మాత్రమే చెబుతున్నా. "తలుపు గడియ ఎందుకు పెట్టుకోలేదు బ్రో" అని ఒకడు తప్పకుండా అడుగుతాడు. వాడు అడిగింది నిజమే అయితే తర్వాతి సినిమాలో గడియ పెట్టించండి, వాదనకి దిగొద్దు.

ఆఖరుగా, వరస తప్పకండి. ముందు ఫెస్టివల్స్, తర్వాత నెట్. 'వన్ కట్' 2017 నవంబర్లో కొద్దిరోజులు చిన్న హాల్లో ఆడి, 2018లో ఇటలీలోని ఉదీనే ఫెస్టివల్‌లో జనం మెప్పు పొంది, ఆ జూన్‌లో టోక్యోలో రెండే థియేటర్లలో మొదలై మూడు వందలు దాటింది, వసూళ్లు 300 కోట్ల యెన్లు మించాయి. భయం, ఫాంటసీ సినిమాలకే పేరుపడ్డ ఫెస్టివల్స్ ఉన్నాయి, స్పెయిన్‌లో సిట్జెస్, కొరియాలో బుచియాన్, మాంట్రియల్‌లో ఫాంటేసియా. చాలావాటికి తమ దగ్గరే మొదటి ఆట పడాలన్న నిబంధన ఉంటుంది, ఒక్కసారి యూట్యూబ్‌లో పెట్టేశాక ఆ దారి మూసుకుపోతుంది. ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ తెలుగు బాగా వచ్చిన మనిషితో రాయించండి, సాఫ్ట్‌వేర్‌కి వదిలేస్తే బావ, బావమరిది, మరిది అందరూ ఒకే మాటగా మారిపోయి ఎవరు ఎవరిని కొరికారో అర్థం కాకుండా పోతుంది. ఎంట్రీ ఫీజులు కూడా ముందే బడ్జెట్‌లో రాసుకోండి, చివర్లో ఎవరి జేబులోనూ మిగలదు.